పోయి సిగ్గుపడి రా

పొద్దున్నే పాలు పితకడం అయ్యాక నానమ్మ వాకిట్లో నిలబడి ఇంటిల్లిపాదికీ పనులు పంచేది. పెద్దకొడుక్కి మోటారు, పెద్దకోడలికి వంట, మనవడికి కోళ్లగూడు కడగడం. సెలవులకు వచ్చిన మనవరాలి దగ్గరకొచ్చేసరికి ఒక్క క్షణం ఆలోచించి, "నీకేం పనుందే పిచ్చుకా? ఆ గట్టుపక్క సాళ్లలోకి పోయి కాస్త సిగ్గుపడి రా. మధ్యాహ్నం వ్యాను వస్తుంది" అనేది.

ఆ పిల్ల చెప్పులు అక్కడే విడిచేసి తోటలోకి పరిగెత్తేది. పిచ్చుకంత ఉండేది కాబట్టి పిచ్చుక అని తాతయ్య పెట్టిన పేరు. అసలు పేరు బళ్లో తప్ప ఎక్కడా వినబడేది కాదు.

వాళ్లది టమాటా తోట. అందరి తోటల్లో కాయ ఎండకు పండుతుంది. వీళ్ల తోటలో మాత్రం ఎండ కాయను నింపుతుంది, అంతవరకే. రంగు తిరగాలంటే సిగ్గుపడ్డ మనిషి ఎవరో ఒకరు సాళ్ల మధ్య నడవాలి. ఎవరూ నడవకపోతే పచ్చగానే ఉండి పచ్చగానే కుళ్లి రాలిపోతుంది. కోసి గడ్డిలో మాగబెట్టినా లాభం లేదు. నేల గుణం అది. కొన్ని నేలలకు ఎరువు ఎక్కువ కావాలి, దీనికి ఇది కావాలి.

అందుకని ఆ ఇంట్లో ఎవరి సిగ్గూ ఊరికే పోయేది కాదు. పెద్దమ్మ అత్తగారి మీద నోరు జారిన రోజు తలకు గుడ్డ బిగించుకుని నేరుగా తోటలోకి పోయేది. సాయంత్రానికి బుట్టలు నిండేవి. పక్కతోటాయన నిచ్చెన అడిగితే పెద్దనాన్న "మా దగ్గర లేదండీ" అనేసి, ఆ నిచ్చెన ఎదురుగా గోడకే ఆనించి ఉందని తర్వాత చూసుకుని, తలదించుకుని ఓ చుట్టు తిరిగొచ్చేవాడు. ఒకసారి పళ్లు ఎత్తుకెళ్లడానికి వచ్చిన వ్యాను డ్రైవరు చాటు చూసుకుని మొక్కల మధ్యకు వెళ్లి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే నానమ్మ బుట్ట పట్టుకుని ఎదురైంది. ఆ మూల పండినంత ఎర్రగా ఆ ఏడాది ఇంకెక్కడా పండలేదు. "నాయనా, నువ్వు రోజూ వస్తూ ఉండు" అని నానమ్మ అతను కనబడ్డప్పుడల్లా ఏడిపించేది.

ఒక్కటే కట్టుబాటు. ఎవరు ఏం తలుచుకుని సిగ్గుపడ్డారో అడక్కూడదు. కాయలు కోసుకోవాలి, ఊరుకోవాలి.

తాతయ్య సంగతి వేరు. ఆయన తోటలో అడుగుపెట్టడమే ఆలస్యం. భుజం మీద తువ్వాలు, వెనక్కి కట్టుకున్న చేతులు, నేల మీద చూపు. రోడ్డున పోయే కొత్తవాళ్లు ఈ ముసలాయన ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడు కాబోలు అనుకునేవాళ్లు. ఆయన వెనకాలే కాయలు వరసగా ఎర్రబడుతూ వచ్చేవి. ఇంటి పంటలో ముప్పాతిక ఆయన చలవే. అంత సిగ్గు ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నానమ్మకు కూడా తెలీదు.

నడవని వేళల్లో ఆయన మొక్కలకు కట్టెలు పాతి కట్లు కట్టేవాడు. తాడైతే కాడ కోసుకుపోతుందని పాతబట్టలు పీలికలు చేసి వాటితో కట్టేవాడు. దాంతో ఆ తోట నిండా ఇంటివాళ్ల బట్టలే. ఓ మొక్కకు నానమ్మ దుప్పటి అంచు, ఓ మొక్కకు పెద్దనాన్న చొక్కా చెయ్యి. పిచ్చుక తన పాత పసుపు గౌను ఏ మొక్కకు చేరిందో వెతుక్కుంటూ తిరిగేది. "ఇదిగోనే, నిరుడు నువ్వు ఇంతే ఉండేదానివి" అని తాతయ్య మొక్క నడుము చూపించి నవ్వేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని ముడి వేయడం నేర్పేవాడు.

"అంత గట్టిగా కాదు తల్లీ. అది పెరగాలిగా. వేలు దూరేంత వదులు ఉంచు."

ఇక మనవడు. పెద్దనాన్న కొడుకు, పిచ్చుక కంటే కాస్త పెద్దవాడు. ఇంట్లో వాడి పేరు బండోడు. వాడు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎన్నిసార్లు తిరిగినా ఒక్క కాయ కూడా రంగు తిరిగేది కాదు. కోడిపిల్లల్ని బుట్ట కింద మూసి మర్చిపోయిన రోజు నడిపించారు. పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టిన రోజు నడిపించారు. ఊహూఁ. "ఎందుకు పగలగొట్టావురా?" అంటే, "బంతి తగిలింది. చెప్పి వచ్చా. రేపు వెళ్లి కొత్తది బిగిస్తా" అనేవాడు. వెళ్లి బిగించి వచ్చేవాడు కూడా. ఆ ముక్క ఎవరూ పట్టించుకోలేదు. "సిగ్గూ శరం లేని వెధవ, తోటకు ఎందుకూ పనికిరాడు" అని పెద్దనాన్న నెత్తి కొట్టుకునేవాడు.

వాడికేమో తోటంటే ప్రాణం. బడి నుంచి రాగానే సంచీ గేటుకే తగిలించి మొక్కల్లో దూరేవాడు. పెద్దయ్యాక ఏం చేస్తావురా అని ఎవరైనా అడిగితే వాడికా ప్రశ్నే అర్థమయ్యేది కాదు. "ఇదేగా" అని చుట్టూ చూపించేవాడు.

ఆ వేసవిలో ఆవు నిండు చూలుతో ఉంది. నానమ్మ ఆ ఆవు దగ్గర కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెప్పేది. మనుషులతో మాట్లాడిన దానికంటే దానితో మాట్లాడిందే ఎక్కువ. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు మీదికి ఇనుప గేటు, గేటుకు గొలుసు, కొక్కెం. "తీసినవాళ్లు వేయాలి. వేశాక ఓసారి లాగి చూడాలి" అని నానమ్మ వచ్చేపోయే ప్రతివాళ్లకూ చెప్పేది. విని విని అందరికీ విసుగొచ్చింది.

ఒక మిట్టమధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే రోడ్డు మీద ఐసు బండి గంట వినబడింది. పిచ్చుకకు ఐసు తింటే దగ్గు. తినకూడదని నానమ్మ ఆర్డరు. గుప్పిట్లో చిల్లర బిగించి పిల్లిలా వెళ్లి గేటు తీసి, నారింజ రంగు ఐసు కొనుక్కుంది. వెనక్కి తిరిగేలోపే అది కారడం మొదలుపెట్టింది. ఓ చేత్తో పుల్ల పట్టుకుని, రెండో చెయ్యి కింద పట్టి, గేటును నడుంతో నెట్టింది. గొలుసు తగిలించాలంటే రెండు చేతులూ కావాలి. తిన్నాక వేద్దాంలే అనుకుని గడ్డివాము వెనక్కి పరిగెత్తింది. గబగబా తింది. చేతులు గౌనుకు తుడుచుకుంది. లోపలికొచ్చి నానమ్మ పక్కన ముడుచుకుని పడుకుంది.

లారీ బ్రేకుల చప్పుడుకు అందరూ ఒక్కసారే లేచారు.

ఆవు రోడ్డు మీదే ప్రాణం వదిలింది. కడుపులో దూడ కూడా దక్కలేదు. నానమ్మ దుమ్ములో చతికిలబడి దాని మెడ ఒళ్లో పెట్టుకుంది. ఎవరు లేపినా లేవలేదు.

నీళ్లు చూపించి ఆవును నీడకు వదలమని ఆ పూట చెప్పింది బండోడికే. రోజూ ఆ గేటెక్కి ఊగేది కూడా వాడే. ఇంకేం కావాలి? అందరి కళ్లూ వాడి మీదే పడ్డాయి.

"నేను గేటు వేశాను" అన్నాడు వాడు. "లాగి చూశాను కూడా."

"వేస్తే ఆవు గాల్లో ఎగిరిపోయిందా?" అని పెద్దనాన్న వాణ్ణి రెక్క పట్టుకుని తోటలోకి లాక్కెళ్లాడు. "నడు. నడిచి చూపించు."

వాడు నడిచాడు. అందరూ గట్టు మీద వరసగా నిలబడి చూశారు. కాయలన్నీ నిండుగా, రంగు తిరగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఏ కాయా రంగు తిరగలేదు.

"నా ఆవును పొట్టన పెట్టుకుని ఒక్క కాయంత సిగ్గు కూడా లేదురా నీకు?" అంది నానమ్మ. కోప్పడ్డా బాగుండేది. ప్రాణం లేని గొంతుతో అంది.

పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇలాంటివాణ్ణి కన్నాను కదా అని ఏడుస్తూ తోటకు అడ్డంపడి పోయింది, ఆమె పోయిన దారంతా ఎర్రబడింది. పిచ్చుక "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ వెనకాల రెండడుగులు వేసింది. అంతే. పిచ్చుక కాలు పెట్టిన సాలు మొదలు నుంచి చివర దాకా భగ్గున ఎర్రబడింది. పక్క సాలు కూడా. ఆ పిల్ల బెదిరిపోయి ఉన్నచోటే ఆగిపోయింది.

"చూశారా?" అన్నాడు పెద్దనాన్న. "అన్న చేసిన పనికి చెల్లెలు ఎలా కుంగిపోతోందో చూడండి. ఆ పసిదానికి ఉన్నపాటి సిగ్గు వీడికి లేకపోయె."

నానమ్మ వచ్చి పిచ్చుకను దగ్గరకు తీసుకుని తల నిమిరింది. నిమురుతుంటే పిచ్చుకకు తన గౌను మీద నారింజ రంగు మరకలు కనబడ్డాయి. చేతులు అడ్డం పెట్టుకుంది. నోరు విప్పుదామనుకుంది. కానీ ఇందరు మెచ్చుకుంటుంటే, మధ్యలో ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. బండోడు ఆమె వంక ఒకసారి చూసి, తల తిప్పుకుని కాళ్లకు అంటిన మట్టి దులుపుకున్నాడు.

వాణ్ణి మేనమామ దగ్గరకు పంపేయాలని తేల్చారు. ఆయనకు ఎక్కడో దూరాన లేతు మిషను షాపు ఉంది. "ఇనుముతో పోట్లాడితే అయినా బుద్ధొస్తుందేమో" అన్నాడు పెద్దనాన్న. మర్నాడు పొద్దున్నకల్లా వాడి సంచీ సర్ది గడప పక్కన పెట్టారు. వాడు దాని పక్కనే కూర్చుని, తను నాటిన నారుమళ్ల వైపు చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

ఆ పొద్దున తాతయ్య పిచ్చుకను పిలిచి, పాతబట్టల మూట చేతికిచ్చి తోటలోకి తీసుకెళ్లాడు. ఇద్దరూ కట్లు కడుతూ కూర్చున్నారు. ఆయన ఏమీ అడగలేదు. అడక్కూడదు కదా.

ఓ సాలు కట్టడం అయ్యాక అన్నాడు, "నాకో తమ్ముడుండేవాడు, తెలుసా నీకు?"

పిచ్చుక తల అడ్డంగా ఊపింది.

"వాడు నడిచినా కాయలు పండేవి కాదు. ఒక ఏడాది విత్తనాల డబ్బా కనబడకుండా పోయింది. వాడే తీశాడన్నారు. నడిపించారు. పండలేదు. సిగ్గులేనోడని అందరికంటే గట్టిగా అన్నది నేనే. ఆ రోజే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు."

"తర్వాత?"

"తర్వాత డబ్బా అటక మీద దొరికింది. పెట్టింది నేనే. పెట్టి మర్చిపోయా." ఆయన ఇంకో పీలిక చింపాడు. "వాడు చేయలేదు కాబట్టి వాడికి సిగ్గేయలేదు. ఇంత చిన్న విషయం మా బుర్రలకు తట్టలేదు. వాడి కోసం చాలా ఊళ్లు తిరిగాను. దొరకలేదు. పంట మాత్రం బాగా పండుతూ వచ్చింది."

చెప్పడం ఆపి ఆయన ఎదురుచూశాడు. ఆమె మొహంలోకి చూడలేదు. చూస్తే పిల్ల బెదురుతుందని మొక్క వైపే చూస్తూ కూర్చున్నాడు. పిచ్చుక చేతిలో ముడి బిగుసుకుపోయింది, కాడ కోసుకుంది, పచ్చటి రసం వేళ్లకు అంటింది. ఆయన ఆ ముడి విప్పి మళ్లీ వదులుగా కట్టాడు. ఇప్పుడు చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూ ఆమె నోరు తెరిచింది.

"తాతయ్యా, ఆకలేస్తోంది" అంది.

ఆయన తల పంకించాడు. "అలాగే తల్లీ. పద" అని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు.

ఇంట్లోకి వెళ్లి గడప దగ్గర నిలబడి, మనవడి సంచీ తీసి లోపలికి విసిరాడు. "వీణ్ణి ఎక్కడికీ పంపక్కర్లేదు. నిన్న గేటు తీసింది నేను. మోటారు చూద్దామని వెళ్లాను, వచ్చేటప్పుడు గొలుసు వేయలేదు."

ఇల్లంతా కొయ్యబారిపోయింది. ముందుగా తేరుకున్నది నానమ్మే. "పిల్లాణ్ణి అందరి ముందూ నడిపిస్తుంటే చూస్తూ నిలబడ్డారా? నా ఆవు కళ్లముందు పడుంటే ఒక్క మాట లేకుండా నిలబడ్డారా మీరు?"

ఆయన తోటలోకి నడిచాడు. ఆవు సంగతి అబద్ధమే కావచ్చు. కానీ మనవణ్ణి నడిపిస్తుంటే గట్టు మీద నిలబడి చూసిన మాట నిజమే కదా. తమ్ముడి విషయంలో చేసిందే మళ్లీ చేయబోయాను కదా అన్నది కూడా నిజమే కదా. ఆ రోజు కింది గట్టు దాకా తోటంతా పండింది. కొన్ని కాయలు ఆ ఎరుపుకు తట్టుకోలేక పగిలాయి కూడా. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

పిచ్చుక వంటింట్లో కూర్చుని కంచంలోకి చూస్తోంది. పెద్దమ్మ వడ్డించి, "తినవే, చిక్కిపోయావు" అంది. ఆమె తింది. ఆ తిన్న అన్నం ఆమెకు జన్మంతా గుర్తుండిపోయింది.

నానమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. "ఆయనకు చెప్పండి, అన్నం చల్లారిపోతోంది" అని గోడలకు చెప్పేది. తాతయ్య మంచం ఖాళీ అయిన ఆవుకొట్టంలోకి చేరింది. బండోడు రెండు పూటలా గిన్నె పట్టుకెళ్లి ఇచ్చేవాడు. పిచ్చుక ప్రతి వేసవీ వచ్చేది, ప్రతి వేసవీ ఆ మంచం అక్కడే ఉండేది. కాస్త పెద్దయ్యాక ఒకసారి కొట్టం గుమ్మంలో నిలబడి, "తాతయ్యా, నానమ్మకు నేను చెప్తా" అంది.

"ఏం చెప్తావు? ఇక్కడ చల్లగా హాయిగా ఉంది. మీ నానమ్మ గురక కూడా వినబడదు. పో, ఆడుకో పో."

హమ్మయ్య అనిపించింది ఆమెకు. అలా అనిపించినందుకు అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ఆ సాయంత్రం ఆమె నడిచిన సాళ్లకు బుట్టలు చాలక బకెట్లు తెచ్చారు.

తాతయ్య పోయిన రోజు నానమ్మ ఆ మంచం పట్టె పట్టుకుని, "ఒక్క ఆవు కోసం ఇన్నేళ్లు మీతో మాట్లాడలేదే నేను" అని గుండెలు బాదుకుంది. పిచ్చుక ఆమె భుజం పట్టుకుని పక్కనే నిలబడింది. అప్పుడైనా చెప్పాల్సింది. అప్పుడు కూడా చెప్పలేదు. ఆ తర్వాత నానమ్మ బతికున్నన్నాళ్లూ ఆమె నడిచిన ప్రతి సాలూ పండింది.

నానమ్మ కూడా వెళ్లిపోయాక తోట బండోడి చేతికి వచ్చింది. వాడి చేతిలో మొక్కలు మనిషెత్తు పెరిగేవి, కాయలు గుప్పిట్లో పట్టనంత ఊరేవి. పండవు, అంతే. వాడు నడిస్తే ఎప్పటిలాగే ఉలుకూ పలుకూ లేదు. పెద్దనాన్నకూ పెద్దమ్మకూ మోకాళ్లు పట్టేసి మంచం దిగడమే కష్టం. వాడి పెళ్లాం ఉత్త అమాయకురాలు, ఆవిడ సిగ్గుకు ఇంటి కూరకు సరిపడా పండితే గొప్ప.

పిచ్చుక టౌన్లో కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే పని చేసేది. ఏటా కాయలు నిండగానే అన్నయ్య దగ్గర్నుంచి ఫోను వచ్చేది. "పిచ్చుకా, ఎప్పుడొస్తావే?" ఆమె సెలవు పెట్టి వచ్చేది. తోటలోకి వెళ్లి, ఐసు పుల్లనూ, కొట్టంలో మంచాన్నీ, పెద్దమ్మ వడ్డించిన అన్నాన్నీ తలుచుకునేది. వెతికి మరీ తలుచుకోవాల్సిన పని లేదు, అవి ఎప్పుడూ అక్కడే ఉండేవి. తోటంతా పండేది. వెళ్లేటప్పుడు వాడు ఓ డబ్బా నిండా పళ్లు బస్సులో పెట్టేవాడు. ఆమె వాటిని టౌన్లో ఇరుగూ పొరుగూ అందరికీ పంచేసేది. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకునేది కాదు.

ప్రతిసారీ వాడికి చెప్పేద్దామనే బయల్దేరేది. చెబుదామని నోరు తెరిస్తే, వాడు "కబుర్లు తర్వాత, ముందు తోటలోకి పద, వ్యాను వచ్చేస్తుంది" అనేవాడు. ఆ తర్వాత కోత, తూకం, బస్సు టైము. అలాగే ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ఏడాది వాడు కింది చెలకలో కూడా మొక్కలు వేశాడు. ఉన్నదంతా పెట్టాడు. "ఈ పంట నిలబడితే నేను నిలబడ్డట్టే, అంతా నీ మీదే ఉంది" అని ఫోనులోనే చెప్పాడు. ఆమె బస్సు దిగి గేటు తీసుకుని లోపలికి రాగానే వాడి కూతురు పరిగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంది. వేలెడంత లేదు, కానీ నోరు మాత్రం ఇంత.

"అత్తా, నువ్వు నడిస్తే అన్నీ ఎర్రగా అయిపోతాయి కదా. నువ్వు ఏం చేశావత్తా?"

"అలా అడక్కూడదమ్మా!" అని వాళ్లమ్మ లోపల్నుంచి కేకేసింది. పిల్ల నాలుక కరుచుకుని పారిపోయింది.

పిచ్చుక అక్కడే నిలబడిపోయింది. అన్నయ్య బుట్టలు ఎత్తుకుని తోటలోంచి వస్తున్నాడు. జుట్టు నెరిసింది. భుజం మీద తువ్వాలు.

"వచ్చావా? కబుర్లు తర్వాత, ముందు..."

"ముందు నా మాట విను అన్నయ్యా. ఈసారి చెప్పాకే నడుస్తాను."

"వద్దే" అన్నాడు వాడు కంగారుగా. "కోత అయ్యాక చెబుదువుగాని. ఇప్పుడు చెప్పేస్తే మళ్లీ..." ఠక్కున ఆగిపోయాడు.

"మళ్లీ ఏంటి?"

"ఏం లేదు."

"నేనేం చెప్తానో నీకేం తెలుసు?"

వాడు బుట్టలు కింద పెట్టాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నదే మళ్లీ తుడుచుకున్నాడు.

"నారింజ రంగు ఐసు. మోచేతి దాకా కారుతోంది. గేటును నడుంతో నెట్టావు. నేను కొట్టం కప్పు మీద పడుకుని ఉన్నా. గొలుసు కూడా వేసే ఉంటావులే అనుకుని కళ్లు మూసుకున్నా."

పిచ్చుక చేతిసంచీ గట్టు మీద పెట్టింది. "ఆ రోజు అందరి ముందూ నడిపించారు కదరా నిన్ను. ఒక్క మాట అనలేదేం?" అంది. అన్నయ్యను రా అని ఆమె అంతకుముందు ఎన్నడూ అనలేదు.

"ఏమో. నువ్వు ఇంత ఉండేదానివి. చెబితే నీ పని అయిపోయేది. నాకు తిట్లు అలవాటే కదా అనుకున్నా. గొప్పపని చేశాననే అనుకున్నా, నిజం చెప్పాలంటే. తాతయ్య తప్పు తన మీద వేసుకుంటే ఆయనకూ గొప్పే అనుకున్నా." వాడు నేల వైపు చూశాడు. "తర్వాత తోట నా చేతికొచ్చింది. నువ్వొచ్చి నడిస్తే పండింది. నాకు తెలుసు అని చెబితే నీ మనసు తేలికపడుతుంది. తేలికపడితే ఇక పండదు. ఈ ఏడు కానీ, వచ్చే ఏడు చెబుదాం అనుకుంటూ... నువ్వు చెప్పబోయినప్పుడల్లా వ్యాను వ్యాను అని తరిమాను. ఇన్నేళ్లు నీ ఏడుపుతో పంట పండించుకున్నానే చెల్లీ."

వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది. వచ్చిన మాట నిజం. చెంప ఛెళ్లుమనిపిద్దామని చెయ్యి కూడా లేచింది. అప్పుడు కనబడింది ఆమెకు.

వాడి మోకాలి పక్కన, గట్టు వారగా ఉన్న మొక్కకు ఒక కాయ రంగు తిరుగుతోంది. ముందు దోరగా, తర్వాత నారింజ రంగులోకి, తర్వాత ఎర్రగా. దాని పక్కది. దాని పైది.

"అన్నయ్యా" అంది. "అటు చూడు."

వాడు చూశాడు. ఓ అడుగు వెనక్కి వేశాడు. ఆ పక్క మొక్క కూడా ఎర్రబడింది. పుట్టిన దగ్గర్నుంచి తనెంత తిరిగినా పలకని కాయలు అవి. వాడు చెయ్యి చాచి ఒకదాన్ని ముట్టుకుని, వేలికేమైనా అంటిందా అని చూసుకున్నాడు.

పిచ్చుక చెప్పులు విడిచి ఇవతలి సాల్లోకి దిగింది. ఐసు తలుచుకుంది. మంచం తలుచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తాతయ్య మొహం కళ్లకు కట్టింది. కాయలు మాత్రం నిండుగా, పచ్చగా, నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నాయి. ఒక మొక్క నడుముకు వెలిసిపోయిన పసుపు పీలిక ఉంది, ఏ ఏటిదో, మొక్కా కట్టే మారినా వాడు పీలిక మార్చలేదు. ఆమె ముడిలో వేలు పెట్టి చూసింది. దూరింది.

వాడింకా గట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. "నాకు సిగ్గేస్తోందే" అన్నాడు, అదేదో ఒంట్లో కొత్తగా పుట్టిన జబ్బులాగా.

"వేయాలి మరి" అంది పిచ్చుక, ముక్కు తుడుచుకుంటూ. "అలా నిలబడితే ఎలా? కింది చెలక దాకా పోయి సిగ్గుపడి రా. మధ్యాహ్నం వ్యాను వస్తుంది."

వాడు కదిలాడు. నాలుగడుగులు వేశాక చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లి కట్టుకున్నాయి. తల వంగింది. రోడ్డున పోయే ఎవరో ఆగి, ఈయనేం పారేసుకున్నాడో అన్నట్టు చూసి వెళ్లిపోయారు. వాడి వెనకాలే తోట ఎర్రబడుతూ పోయింది.

పిచ్చుక బుట్ట అందుకుని, కోతకు దిగబోయి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. తను వచ్చేటప్పుడు తీసిన గేటు తీసినట్టే ఉంది. వెళ్లి దగ్గరకు లాగి, రెండు చేతులతో గొలుసు కొక్కేనికి తగిలించింది. తగిలించి, ఓసారి లాగి చూసింది.